ముట్టు ఆగకపోతే గర్భసంచి తీసేసుడేనా?

మన సంఘం మీటింగుల్లో ఏమేం మాట్లాడుకుంటాం? అసైన్డ్ భూములు ఎవరి చేతుల్లోకి పోయినయో మాట్లాడుకుంటాం. కూలి రేట్లు, గుడి ప్రవేశం, అట్రాసిటీ కేసులు, హాస్టల్ పిల్లల స్కాలర్‌షిప్పులు మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాల్సిందే. కానీ పదిహేను రోజులుగా నెత్తురు ఆగకుండా పోతున్నా పొద్దున్నే క్యారెట్ పీకడానికి పోయే అక్క గురించి ఒక్క మీటింగులోనైనా ఎజెండా రాసుకున్నామా? ఆమె కూడా ఆ మీటింగులోనే వెనక వరసలో గోడకు ఆనుకొని కూచుని ఉంటది. లేస్తే చీరె మీద మరక కనబడుతదని అందరూ పోయేదాకా లేవదు.

ముట్టు అనే మాటలోనే అంటు ఉంది. ముట్టడం అంటే తాకడం. బహిష్టు అంటే బయట ఉండడం. ఊరి బయట వాడలో పుట్టిన మనకు ఈ మాటల అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కర లేదు. పెద్దకులాల ఇండ్లలో ఆడవాళ్లను ఆ మూడు రోజులు మూలన కూచోబెట్టారు. మన ఆడవాళ్లకు మూలన కూచునే వీలు కూడా లేకపాయె. నాట్లు, కలుపు, టమాట తెంపుడు, ఫాంహౌస్‌లో పాచిపని, అన్నీ ఆ మూడు రోజులూ చేయాల్సిందే. మైల అనే మాట మాత్రం మన ఇండ్లలోకి వచ్చింది, విశ్రాంతి రాలేదు. ఆ మైల మాట వల్లనే ఒంట్లో ఏం జరుగుతుందో తల్లి బిడ్డకు చెప్పదు, పెండ్లాం మొగనికి చెప్పదు, రోగి డాక్టరుకు చెప్పదు.

ఇట్లా నోరు మూసుకున్న ఆడమనిషికి చివరికి దొరికేవి మూడే. ఒకటి, "ఆడదానికి అది మామూలే, ఓర్సుకో" అనే మాట. రెండు, "దీనికి గాలి సోకింది, పిచ్చి లేసింది" అనే ముద్ర. మూడు, కత్తి. ఈ మూడూ తప్పే. ఈమెకు కావాల్సింది రక్తపరీక్ష, స్కానింగు, మందు, తిండి, కొంత విశ్రాంతి. ఇవి ఆమె హక్కు అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఏది మామూలు, ఏది కాదు

మామూలుగా ఒక ముట్టులో పోయే నెత్తురు 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ కింద లెక్క. అయితే బట్టలో పోయిన నెత్తురును ఎవరు కొలుస్తారు? అందుకే ఇవ్వాళ డాక్టర్లు కూడా మిల్లీలీటర్లు పక్కన పెట్టి, నీ రోజువారీ బతుకును అది దెబ్బ తీస్తుందా అని అడుగుతున్నారు. మనం ఇట్లా గుర్తు పెట్టుకుందాం. ఎనిమిది రోజులు దాటినా, గంటకో బట్ట తడిసిపోతున్నా, గడ్డలు గడ్డలుగా పడుతున్నా, మూడు వారాలకే మళ్లీ వస్తున్నా, రెండు ముట్లకు నడుమ కనబడుతున్నా అది మామూలు కాదు. మొగనితో కలిసిన తర్వాత నెత్తురు కనబడితే చూపించుకోవాలి. ముట్లుడిగి ఏడాది దాటినంక ఒక్క చుక్క కనబడినా తప్పకుండా చూపించుకోవాలి. కండ్లు తిరిగి పడిపోతున్నా, నాలుగడుగులకే ఆయాసం వస్తున్నా ఆ రోజే దవాఖానకు పోవాలి. ముట్టు తప్పి తర్వాత నెత్తురు పోతుంటే, కడుపునొప్పి కూడా ఉంటే ముందు గర్భం పరీక్ష చేయించాలి. గర్భం సంచిలో కాకుండా గొట్టంలో నిలిస్తే ప్రాణం మీదికి వస్తది.

ఒంట్లో జరిగేది ఇది

నెలనెలా గర్భసంచి లోపల ఒక పొర పెరుగుతుంది. గోడకు మట్టి మెత్తినట్టు ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఆ పొరను మందం చేస్తుంది. ఆ మట్టిని జారకుండా నిలబెట్టేది ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోను. ఇది అండం విడుదలైన తర్వాతనే సరిపోను తయారవుతుంది. గర్భం రాకపోతే నెలాఖరుకు రెండూ తగ్గుతాయి, పొర ఒక్కసారిగా ఊడుతుంది, నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. అదే ముట్టు.

ఏదైనా నెల అండం విడుదల కాలేదనుకుందాం. ప్రొజెస్టెరాన్ రాదు. ఈస్ట్రోజెన్ మట్టి మెత్తుతనే ఉంటది. చివరికి గోడ మోయలేక ఒక దిక్కు ఇవ్వాళ, ఇంకో దిక్కు నాలుగు రోజులకు పెళ్లలు పెళ్లలుగా రాలుతది. రెండు నెలలు రాకుండా ఒక్కసారి మొదలై ఇరవై రోజులు ఆగని నెత్తురుకు చాలాసార్లు కారణం ఇదే. కొత్తగా పెద్దమనిషి అయిన పిల్లల్లో, నలభై దాటిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ. ఈ రెండు వయసుల్లో హార్మోన్ల లెక్క ఇంకా కుదరక, లేదా కుదిరింది చెదిరి, ఇట్లా అవుతుంది.

గొంతు దగ్గర ఉండే థైరాయిడ్ గ్రంథి మందగించినా ముట్టు ఎక్కువవుతుంది. అండాశయాల్లో నీటిబుడగల సమస్య అని చెప్పే పీసీఓఎస్, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు, పాలిప్‌లు, నెత్తురు తొందరగా గడ్డకట్టని జబ్బులు, కొన్నిసార్లు కాన్సరు కూడా కారణం కావచ్చు. కాపర్ టీ వేయించుకున్నవాళ్లకు ముట్టు ఎక్కువ కావచ్చు. సర్కారు దవాఖానల్లో మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్‌తో ముట్టు వరస తప్పవచ్చు. 2011లో అంతర్జాతీయ స్త్రీవైద్య నిపుణుల సమాఖ్య ఇట్లాంటి కారణాలను తొమ్మిది రకాలుగా విడదీసి పెట్టింది. కారణాలు ఇన్ని ఉన్నప్పుడు, ఒక్క పరీక్ష చేయకుండా "సంచి చెడిపోయింది, తీసేయాలె" అనేవాడు ఏ చదువు చదివినట్టు?

బడి గురించి ఒక మాట. క్లాసులో తల వాల్చి నిద్రపోయే ఆడపిల్లను మనం "మొద్దు" అంటాం. నెలలో నాలుగు రోజులు రాకపోతే "చదువు మీద ధ్యాస లేదు" అని రిజిస్టరులో గీత పెడతాం. పెద్దమనిషి అయిన నాటి నుంచే నెత్తురు ఎక్కువ పోయే పిల్లల్లో కొందరికి పుట్టుకతోనే నెత్తురు గడ్డకట్టే గుణం తక్కువ ఉంటుంది. చిన్న దెబ్బకు కమిలిపోతుందా, ముక్కు నుంచి నెత్తురు కారుతుందా, పన్ను పీకితే ఆగలేదా అని ఆ పిల్ల తల్లిని అడిగితే తెలిసిపోతుంది. బడిలో నీళ్లు, తలుపు ఉన్న మరుగుదొడ్డి లేకపోతే ఆ పిల్ల చదువు అక్కడితో ఆఖరు.

రంది ఎక్కడి నుంచి వస్తది?

నెత్తురు పోయే ఆడమనిషి చిరాకు పడుతది. ఊకె ఏడుస్తది. పిల్లలను కొడుతది. పని మీద మనసు నిలవదు, రాత్రి నిద్ర పట్టదు. మనోళ్లు "దీనికి రంది పట్టింది" అంటారు. ఇది ఆమె గుణం అనుకోవడం అన్యాయం.

మొదటి సంగతి, నెత్తురుతో పాటు ఇనుము పోతుంది. తిన్న తిండి నుంచి మన ఒళ్లు రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల ఇనుము కన్నా ఎక్కువ తీసుకోలేదు. నెలకు 80 మిల్లీలీటర్ల నెత్తురు పోతే, నెత్తురు బాగున్న మనిషికైనా దాదాపు 40 మిల్లీగ్రాముల ఇనుము పోయినట్టే. పచ్చిపులుసు, తొక్కు మెతుకులు తిని ఆ అప్పు తీర్చగలమా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉంది. ఇనుము తక్కువైతే అలసట, గుండెదడ మాత్రమే కాదు, చిరాకు, మతిమరుపు, దిగులు కూడా వస్తాయి. మట్టి, బలపాలు, బియ్యం తినబుద్ధి కావడం కూడా దీని గుర్తే.

రెండోది, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ గర్భసంచి దగ్గరే ఆగవు. మనసును నిలకడగా ఉంచే మెదడులోని రసాయనాల మీద కూడా పని చేస్తాయి. ముట్టుకు ముందు అవి తగ్గేటప్పుడు కొందరు ఆడవాళ్లకు పట్టరాని కోపం, దుఃఖం, చచ్చిపోవాలనే ఆలోచన వస్తాయి. ముట్టు మొదలైన కొద్ది రోజులకు తగ్గిపోతాయి. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల గ్రంథంలో దీనికి ప్రత్యేకంగా చోటు ఇచ్చింది. థైరాయిడ్ మందగించినా దిగులే. నలభై దాటి హార్మోన్లు ఎగుడుదిగుడు అయినప్పుడూ దిగులే.

మూడోది, దారి అటు నుంచి ఇటు కూడా ఉంటుంది. అండం విడుదలకు హుకుం వచ్చేది మెదడు నుంచి. ఆకలి, అప్పు, మొగని తన్నులు, దొర బెదిరింపు, కేసు పెట్టినందుకు ఊరి బహిష్కారం, ఇవన్నీ ఎన్నాళ్లో మోసిన ఒంట్లో ఆ హుకుం గాడి తప్పవచ్చు. అందుకే ఈమెను పరీక్ష చేసే డాక్టరు నాడితో పాటు బతుకును కూడా అడగాలి.

మరి మనం ఏం చేస్తున్నాం? "గాలి సోకింది" అని దర్గాకో, భూతవైద్యుని దగ్గరకో తీసుకపోతున్నాం. యాప మండలతో కొట్టిస్తున్నాం. అప్పు తెచ్చి కోడిని, యాటను కోయిస్తున్నాం. మెదక్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో బాణామతి అనే మాట ఎంత నెత్తురు కండ్ల చూసిందో మన పెద్దలకు తెలుసు. ఆడమనిషి వింతగా ప్రవర్తించగానే "ఎవడో చేతబడి చేసిండు" అని ఇంకో పేదవాని మీద పడడం, పండ్లు ఊడగొట్టడం, చంపడం. రోగం ఒకరిది, దెబ్బలు ఇంకొకరికి. రెండు వైపులా మనోళ్లే. నెత్తురులో హిమోగ్లోబిన్ ఎంతుందో చూసే పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. ఆ పరీక్ష అందకపోవడం వల్ల ఊళ్లే తగలబడ్డాయి.

సంచి కోసే వ్యాపారం

ఇప్పుడు కత్తి ముచ్చట. దేశం మొత్తంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఎనిమిది మంది దాకా ఉన్నారు. 2015–16 సర్వేలోనూ, 2019–21 సర్వేలోనూ దేశంలో ముందున్నవి ఈ రెండు తెలుగు రాష్ట్రాలే. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవి. సగానికి పైగా ఆడవాళ్లు చెప్పిన కారణం ముట్టు ఎక్కువ కావడం, ముట్టు నొప్పి. మందులతో, పరీక్షలతో చూడాల్సిన జబ్బుకు కత్తి పెట్టారని ఈ లెక్కలే చెబుతున్నాయి.

ఇది ఎట్లా జరుగుతుందో ఊర్లో అందరికీ ఎరుకే. తెల్లబట్ట అవుతుందని, నెత్తురు ఆగుతలేదని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఆయన టౌనులో నర్సింగ్‌హోంకు పంపుతాడు. అక్కడ ఒక స్కానింగు తీసి "సంచికి వాపు ఉంది, పుండు అయింది, ఉంచితే కాన్సరైతది" అని భయపెడతారు. "పిల్లలు పుట్టి ఆపరేషన్ కూడా అయింది గద, ఇంక ఆ సంచి నీకెందుకమ్మా" అంటారు. పంపినవానికి కమీషను. మన ఇంట్లో బంగారం కుదువకు పోతుంది, లేకపోతే గుంట భూమి పోతుంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తర్వాత కార్డు ఉన్న ఆడవాళ్ల గర్భసంచులు ప్రైవేటు ఆసుపత్రులకు బంగారు గనులైనాయి. గోల ఎక్కువై, ఆ పథకం కింద ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వం సర్కారు దవాఖానలకే పరిమితం చేయాల్సి వచ్చింది. మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి ఈ సంగతి బయటపెట్టిన డాక్టర్లు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్. ముప్పై ఏండ్లు నిండని ఆడవాళ్లకు కూడా సంచులు తీసేశారని లోకానికి చూపించారు.

పక్క రాష్ట్రం మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరుకు కొట్టే కూలి ఆడవాళ్ల కథ 2019లో బయటపడింది. 82,309 మందిని సర్వే చేస్తే 13,861 మందికి గర్భసంచి లేదు. ముట్టు వచ్చి ఒకరోజు పని ఆగితే మేస్త్రీ జరిమానా వేస్తాడు. ఆ జరిమానా భయం, నర్సింగ్‌హోం వాని కాన్సరు భయం రెండూ కలిసి సంచి తీయించినాయి. కూలి కోసం శరీరాన్ని కోసుకోవాల్సి రావడం అంటే ఇదే.

సంచి తీస్తే అన్నీ పోతాయా? నెత్తురు ఆగుతది, నిజమే. కానీ సంచితో పాటు అండాశయాలు కూడా తీస్తే ఆ రోజే ముట్లుడిగిన ముసలితనం మీద పడుతది. ఒళ్లంతా సెగలు, నిద్ర లేకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు. దిగులు పోతదని ఆపరేషన్ చేయించుకున్న మనిషికి దిగులు రెండింతలు కావచ్చు. అండాశయాలు ఉంచినా అవి కొన్నేండ్లు ముందుగానే పని మానేయవచ్చు. ముప్పై ఏండ్లకు సంచి తీయించుకొని నడుములు పట్టుకొని నడిచే అక్కచెల్లెళ్లు ప్రతి వాడలో కనబడుతారు.

ఆపరేషనే వద్దని నేను చెప్పడం లేదు. కాన్సరు ఉంటే, పెద్ద గడ్డలుండి మందులకు లొంగకపోతే ఆపరేషనే ప్రాణం నిలబెడుతుంది. అది ఆఖరి మెట్టు. మొదటి మెట్టు మీదనే ఆమెను ఆఖరి మెట్టుకు తోసేయడం నేరం.

ముందు చేయాల్సిన పని చాలా ఉంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, గర్భం పరీక్ష, స్కానింగు, గర్భసంచి మూతి పరీక్ష చేయాలి. 45 దాటిన వాళ్లకు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి చూడాలి. నెత్తురు తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ అనే గోలీ ఉంది. 1962లో జపాన్‌లో ఉతాకో ఒకమోతో అనే మహిళా శాస్త్రవేత్త, ఆమె భర్త కలిసి కనిపెట్టారు. మెఫెనమిక్ యాసిడ్ గోలీ నొప్పినీ, నెత్తురునూ రెండింటినీ తగ్గిస్తుంది. హార్మోను గోలీలు ఉన్నాయి. గర్భసంచిలో పెట్టే హార్మోను లూపు ఏండ్ల తరబడి పని చేస్తుంది. ఇనుము గోలీలు సర్కారు దవాఖానలో ఉచితం. వీటిలో ఏది ఎవరికి పనికొస్తుందో డాక్టరే చెప్పాలి. బీపీ ఉన్నవాళ్లకు, కాళ్లలో నెత్తురు గడ్డలు కట్టినవాళ్లకు కొన్ని పడవు. మెడికల్ షాపువాని మాట మీద కొనుక్కోవద్దు.

కోర్టు చెప్పింది, అడిగేది మనమే

రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో అక్కర లేని గర్భసంచి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు పోయారు. పదేండ్లకు, 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో రాసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలు మూడు నెలల్లో అమలు చేయాలని కోర్టు చెప్పింది. దాని ప్రకారం రాష్ట్రంలో, జిల్లాలో పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. నలభై ఏండ్లలోపు ఆడమనిషికి గర్భసంచి తీస్తే ఎందుకు తీశారో కారణంతో సహా లెక్క చెప్పాలి. మన రంగారెడ్డి జిల్లాలో ఆ కమిటీ ఎన్నిసార్లు కూచుంది? ఎన్ని ఆపరేషన్లు లెక్కలోకి వచ్చినయి? 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక్క తెల్లకాగితం మీద అడుగుదాం. అట్రాసిటీ కేసులకు దరఖాస్తు రాయడం నేర్చుకున్న చేతులకు ఇది కష్టం కాదు.

ఇది ఆడవాళ్ల ముచ్చట, ఉద్యమానికి ఏం పని అనే అన్నలకు బాబాసాహెబ్ అంబేద్కర్‌ను గుర్తు చేస్తున్నాను. 1928లో బొంబాయి శాసనమండలిలో కూలి ఆడవాళ్ల ప్రసూతి సౌకర్యాల బిల్లుకు ఆయన అండగా నిలబడ్డాడు. 1938లో సంతాన నియంత్రణ మీద ఆయన పార్టీ సభ్యుడు రోహం బొంబాయి శాసనసభలో తీర్మానం పెట్టాడు. ఆడదాని ఒంటి బాధను శాసనసభలోకి తీసుకపోవడానికి ఆయన సిగ్గుపడలేదు. మనకెందుకు సిగ్గు?

కనకమామిడి, మొయినాబాద్, చేవెళ్ల ఊళ్లలో మన సంఘాలు ఈ పనులు ఎత్తుకోవాలని నా మాట:

ఒకటి. నెలకొక మీటింగు ఆడవాళ్లే నడపాలి. అందులో ఈ ముచ్చట సిగ్గు లేకుండా మాట్లాడాలి. ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎంను పిలవాలి.

రెండు. ఎవరికైనా గర్భసంచి తీయాలని చెబితే ఆ రోజే ఒప్పుకోవద్దు. కాగితాలు తీసుకొని ముందు చేవెళ్ల సర్కారు దవాఖానలో, అక్కడ తేలకపోతే మెహదీపట్నం మీదుగా కోఠి ప్రసూతి దవాఖానలోనో, పేట్లబురుజులోనో రెండో డాక్టరుకు చూపించాలి. బస్సు ఖర్చు సంఘం చందా నుంచి పెట్టాలి. తోడు ఒక మనిషి పోవాలి.

మూడు. 2023 మార్చి 8న ప్రభుత్వం ఆరోగ్య మహిళ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మంగళవారం ఆడవాళ్లకే పరీక్షలు అన్నది. మన పీహెచ్‌సీలో అది నడుస్తుందా, థైరాయిడ్ పరీక్ష చేస్తున్నారా, గోలీలు ఉన్నాయా అని పోయి అడగాలి. లేకపోతే ధర్నా చేయాలి.

నాలుగు. తోటల్లో, ఫాంహౌసుల్లో కూలి మాట్లాడుకునేటప్పుడు మరుగుదొడ్డి, నీళ్లు కూడా మాట్లాడుకోవాలి. కూలి ఎంతని అడిగినట్టే ఇదీ అడగాలి.

ఐదు. మనసు బాగలేని అక్కను భూతవైద్యుని దగ్గరికి తీసుకపోవద్దు. చచ్చిపోతానని అంటుంటే ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయాలి, దవాఖానకు తీసుకపోవాలి.

ఆరు. అన్నలు, తమ్ముళ్లు ఇంట్లో పొయ్యి దగ్గరికి రావాలి. ఆమెకు రెస్టు కావాలని డాక్టరు చెబితే ఆ రెస్టు ఇవ్వాల్సింది మీరే. బిందె ఎత్తడం, బట్టలు ఉతకడం కూడా ఉద్యమమే.

మన తాతలు ఊరి బావి నీళ్ల కోసం కొట్లాడినారు. మన తల్లులు వెట్టి మీద కొట్లాడినారు. మన ఆడబిడ్డల ఒంట్లో నెత్తురు మనది. అది వాడి నర్సింగ్‌హోం అంతస్తులకు సిమెంటు కావొద్దు. ఈ పదిహేను రోజుల్లో మీ వాడలో ఎంతమందికి, ఏ వయసులో, ఏం చెప్పి సంచి తీసినారో పేర్లు బయటపెట్టకుండా లెక్క రాసి పెట్టండి. వచ్చే మీటింగు ఆ లెక్కతోనే మొదలు పెడదాం.

జై భీమ్!